నురగ చెప్పని సంగతి

పొద్దున్నే మూత్రంలో నురగ లేచి, ఎంతసేపటికీ విరగకపోతే లూపస్ ఉన్నవాళ్లకు గుండెలో రాయి పడుతుంది. ప్రోటీన్ పోతోందేమోనని. ఆ భయం ఉత్తది కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి ఒంటిమీదే తిరగబడే ఈ జబ్బు చాలామందిలో కిడ్నీల దాకా పాకుతుంది. రోగుల్లో 10 మందికి 9 మంది ఆడవాళ్లే.

ల్యాబ్‌లో మూత్రంలోని ప్రోటీన్‌ని, కండరాల నుంచి వచ్చే వ్యర్థమైన క్రియాటినిన్‌తో భాగిస్తారు. నీళ్లు ఎక్కువ తాగినా తక్కువ తాగినా లెక్క తప్పకుండా ఉండటానికి. గ్రాము క్రియాటినిన్‌కు ప్రోటీన్ 0.5 గ్రాము దాటితే డాక్టరు బయాప్సీ మాట, అంటే కిడ్నీ ముక్క తీసి చూసే పరీక్ష మాట ఎత్తుతారు.

అసలు చిక్కు ఇక్కడే. రక్తాన్ని వడకట్టే కిడ్నీ జల్లెడకు చిల్లు పడిందని ప్రోటీన్ చెబుతుంది. ఆ చిల్లు ఇప్పుడు పడుతోందా, ఎప్పుడో పడి మచ్చ కట్టిందా అన్నది చెప్పదు. మొదటిదైతే మందులు పెంచాలి. రెండోదైతే స్టెరాయిడ్లు పెంచినా మొహం ఉబ్బి, ఎముకలు గుల్లబారడమే మిగిలేది. పైగా కిడ్నీలో వాపు చల్లారాక కూడా నెలల తరబడి ప్రోటీన్ పోతూనే ఉండొచ్చు.

తేల్చేది బయాప్సీయే. బోర్లా పడుకోబెట్టి, నడుం పక్కన మత్తిచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది దింపుతారు. ‘ఊపిరి బిగబట్టండి’ అన్న వెంటనే టక్కుమని చప్పుడు. వచ్చేది సన్నని దారంలాంటి ముక్క. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల వడపోత గుత్తులుంటే, ఆ ముక్కలో పదో ఇరవయ్యో దొరుకుతాయి. రక్తస్రావం భయమూ ఉంది. మూడు నెలలకోసారి చేయించుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు?

అందుకే మూత్రంలోనే వేరే ఆనవాళ్లు వెతుకుతున్నారు. తెల్లకణాలను వాపు ఉన్నచోటికి పిలిచే ఎంసీపీ-1 వాటిలో ఒకటి. నాకు ఎక్కువ నచ్చింది సీడీ163. ఈ ప్రోటీన్ మాక్రోఫేజ్‌లనే, చెత్తను మింగే రోగనిరోధక కణాల ఒంటిమీద ఉంటుంది. ఒలికిపోయిన హిమోగ్లోబిన్‌ని ఏరి శుభ్రం చేయడం దాని పని. కిడ్నీలో వాపు రగులుతున్నప్పుడు ఆ కణాలు అక్కడ గుమిగూడతాయి, సీడీ163 తెగి మూత్రంలో పడుతుంది. అణువు పెద్దది కాబట్టి బాగున్న జల్లెడ గుండా రక్తం నుంచి దిగడం కష్టం. కనిపించిందంటే చాలావరకు కిడ్నీలోంచి వచ్చిందనే అనుమానించాలి. 2020లో మెక్సికో పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో దీని మోతాదు బయాప్సీలో కనిపించిన వాపుతో పాటే పెరిగింది, చికిత్స పనిచేసినవాళ్లలో తగ్గింది.

అయితే రక్తనాళాల వాపు జబ్బులు కొన్నిటిలోనూ ఇది పెరుగుతుంది, కాబట్టి జబ్బు పేరు చెప్పలేదు. ప్రోటీన్ మరీ ఎక్కువగా పోతుంటే రక్తంలోది కూడా కొంత జారి లెక్క తారుమారు కావచ్చు. మొదటి బయాప్సీ తప్పదు. దీనితో తప్పుతుందని ఆశపడుతున్నది రెండోదీ, మూడోదీ.