తడి మీద అతకని ప్యాచ్

మొన్న మెహదీపట్నంలో, ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల కింద, నా పాత స్కూటరు పంక్చరైంది. పంక్చర్లు వేసే పెద్దాయన ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలొచ్చిన చోట గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. "మామయ్యా, జిగురు ఆరిపోతే ఇక ఎలా అతుకుతుంది?" అని మా మేనకోడలు అడిగింది. ఎంత మంచి ప్రశ్న!

అది జిగురు కాదు, ద్రావణిలో కరిగించిన రబ్బరు. రబ్బరు అణువు ఐసోప్రీన్ అనే చిన్న అణువు ముక్కలు వేల సంఖ్యలో గుచ్చిన పొడవాటి దారం. పచ్చి రబ్బరులో ఈ దారాలు చిక్కుపడి ఉంటాయి గానీ, లాగితే జారిపోతాయి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టినట్లు, గంధకం కలిపి వేడి చేస్తే దారాల మధ్య గంధకపు ముడులు పడతాయి. కుప్ప వల అవుతుంది. మన ట్యూబు అలాంటి వలే. పాఠ్యపుస్తకాలు ఇంత అందమైన విషయాన్ని ఒక్క వాక్యంలో ముగించేస్తాయి. నాకది అన్యాయమనిపిస్తుంది.

సొల్యూషన్‌లోని ద్రావణి ట్యూబులోకి ఇంకి ఆ వలను ఉబ్బిస్తుంది. వల కన్నులు విచ్చుకుంటాయి. ముడిపడని కొత్త దారాల కొసలు వాటిలోకి దూరతాయి. ద్రావణి ఆవిరైపోగానే వల ముడుచుకుని ఆ కొసలను పట్టేసుకుంటుంది. రెండో కొసలు బయటే ఉంటాయి, ప్యాచ్ అడుగునున్న పచ్చి రబ్బరు పొర కోసం. ఆరిన పచ్చి రబ్బరు పొరలు రెండింటిని గట్టిగా అదిమితే దారాలు ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోతాయి. ఆరకముందే అతికిస్తే ద్రావణి మధ్యలో చిక్కుకుంటుంది, దారాలు అందులో పలచగా తేలుతుంటాయి, ప్యాచ్ పక్కకు జారుతుంది.

నిమ్మకాయ, మిరపకాయలు కట్టనందుకే పంక్చరైందని పక్కనే నిలబడ్డ ఒకాయన అన్నారు. పిల్ల ముందు ఆ మాట వినడం నాకు బాధ కలిగించింది. టైరులోంచి తీసిన మేకును ఆమె అరచేతిలో పెట్టాను.

ఇక ముడుల సంగతి. గంధకం ఒక్కటే అయితే 140 డిగ్రీల వేడిలోనూ అవి పడటానికి గంటలు పడుతుంది. ప్యాచ్‌లో జింక్ డైథయోకార్బమేట్ వంటి త్వరకాలు, అంటే చర్యను వేగిరపరిచే పదార్థాలు, ఉంటే, దారంలోని ద్విబంధం (రెండు కార్బన్‌ల మధ్య జంట బంధం) పక్కనున్న కార్బన్‌కు గంధకం మామూలు వేడిలోనే తగులుకుని, పక్క దారానికి వంతెన వేస్తుంది. అలాంటి ప్యాచ్ వేయించుకుని మనం ఇంటికి చేరి స్కూటరు తాళం వేసేనాటికి కూడా ట్యూబులో ముడులు ఇంకా పడుతూనే ఉంటాయి.