గడ్డం గీసే ముందు పెసరపిండి

కోవూరు,
నెల్లూరు జిల్లా

చిరంజీవులు మనవళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నోడు అడిగాడు, "తాతా, గడ్డం గీసుకునే ముందు మొహానికి స్క్రబ్ పూసుకోవాలంట గదా, హాస్టల్లో అందరూ ట్యూబులు కొంటున్నారు, నేనూ కొననా?" అని. వెనకనుంచి పెద్దోడు నవ్వడం వినపడింది. నవ్వడానికేముంది? నూనూగు మీసం వచ్చినవాడు అడగాల్సిన ప్రశ్నే అది. ఫోన్లో చెబితే సగం విని పెట్టేస్తారని ఉత్తరం రాస్తున్నా.

ఇక్కడ కోతలు మొదలయ్యాయి. కళ్లముందు అదే ఉంది గనక దాంతోనే చెబుతా. గడ్డాన్ని వరిమడి అనుకోండి, రేజరు కొడవలి. నిలబడ్డ పైరును కొడవలి ఎంత హాయిగా కోస్తుందో మీరు చూసిందే. అదే గాలివానకు పడిపోయిన పైరైతే? ఒకదానిమీదొకటి పడి, మధ్యలో ఎండుగడ్డీ కలుపూ చుట్టుకుని ఉంటుంది. కొడవలి ఒకసారి వేసే చోట రెండుసార్లు లాగాలి. కూలి ఎక్కువ, గింజ రాలేది ఎక్కువ.

మొహమ్మీదా అంతే. మన చర్మం పైపొర అంతా చచ్చిన కణాలే. అడుగున పుట్టిన కణం మెల్లగా పైకొచ్చి, ఎండి, రాలిపోవడానికి దాదాపు నెల పడుతుంది. రాలాల్సినవన్నీ సరిగ్గా రాలవు. జిడ్డుతో కలిసి వెంట్రుకల మొదట్లో అతుక్కుని కూర్చుంటాయి. వెంట్రుకేమో రోజుకు మిల్లీమీటరులో మూడో వంతు లెక్కన పెరుగుతూనే ఉంటుంది. దారి దొరకనివి కొన్ని వంకర తిరిగి లోపలికే పోతాయి. గీసుకున్న ఒకట్రెండు రోజులకు మెడ మీద ఎర్రగా పొక్కులు లేస్తాయే, అవి చాలాసార్లు ఇవే. ఉంగరాల జుట్టు వాళ్లకు ఈ బాధ ఎక్కువ. పెద్దోడా, నీకు మీ అమ్మ జుట్టు వచ్చింది, నువ్వు నవ్వడం ఆపి చదువు. స్క్రబ్ చేసే పనల్లా ఆ చెత్త ఏరేసి పైరును నిలబెట్టడం. అంతకు మించి ట్యూబు మీద ఏం రాసున్నా నమ్మొద్దు.

పొలంలో కోతకు ముందు నీళ్లు తీసేస్తాం, మొహానికి మాత్రం నీళ్లు పెట్టాలి. ఎండిన గడ్డం వెంట్రుక గట్టిగా ఉంటుంది. తడిస్తే ఉబ్బి మెత్తబడి బ్లేడుకు తేలిగ్గా లొంగుతుంది. గోరువెచ్చటి నీళ్లతో రెండు మూడు నిమిషాలు నానాలి. పోలిక ఇక్కడ తిరగబడింది తాతా అంటారేమో. అనండి, నేను వరిమడి వదలను.

మా చిన్నప్పుడు మా నాయనకు గడ్డం గీయడానికి ఒకాయన ఇంటికే వచ్చేవాడు. వేపచెట్టు కింద పీట వేసి, పొది విప్పి, కత్తి తోలు మీద నూరి పక్కన పెట్టేవాడు. సబ్బు వెంటనే తీసేవాడు కాదు. చెంబులో వట్టి నీళ్లు ముంచుకుని వేళ్ల కొసలతో గడ్డం రుద్దుతూ ఊళ్లో సంగతులన్నీ చెప్పేవాడు. ఎవరి గేదె ఈనిందో, ఎవరి చేలోకి కాలవ నీళ్లు ఎక్కలేదో, ఎడగారు పంట ఎవరు వేస్తున్నారో. మా నాయన విసుక్కుంటే, "నా మాటలయ్యేలోగా వెంట్రుక నానుద్ది పెద్దాయనా" అనేవాడు. అది కబుర్ల పిచ్చి అనుకునేవాణ్ణి నేను. చివర్లో తడి పటిక ముక్క చెంపల మీద రాస్తే మా నాయన "స్స్" అనేవాడు. ఆ చప్పుడు కోసమే నేను పక్కన కూర్చునేది.

పెసరపిండి సంగతి మా నాయనమ్మది. తలంటికి సున్నిపిండి కోసం పెసలు తిరగల్లో విసిరేది. ఆ పిండిని పాత పంచె గుడ్డలో వేసి, నాలుగు మూలలూ పట్టి, గిన్నె మీద మెల్లగా తట్టేది. కిందికి రాలిన మెత్తటిది మొహానికి, గుడ్డలో మిగిలిన రవ్వ వీపుకూ మోకాళ్లకూ. రెండూ వేరే డబ్బాలు. రవ్వ డబ్బాలో చెయ్యి పెట్టి మొహానికి రాసుకుంటే వీపు మీద ఒకటి పడేది.

మీరు చేసుకోవాల్సిందీ అదే. రెండు చెంచాల మెత్తటి పెసరపిండి, లేకపోతే శనగపిండి. జిడ్డు మొహమైతే నీళ్లతో, పొడి చర్మమైతే పెరుగుతో జారుగా కలుపుకోండి. పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం చచ్చిన కణాల మధ్య పట్టును కొంచెం సడలిస్తుంది. మొహం బాగా తడిపాక వేళ్ల కొసలతో అర నిమిషం సున్నాలు చుట్టినట్టు రాయండి. తోమొద్దు, అది అంట్ల గిన్నె కాదు. తర్వాత శుభ్రంగా కడగాలి, లేకపోతే పిండి వెళ్లి బ్లేళ్ల మధ్య ఇరుక్కుంటుంది. అప్పుడు నురగ, ఆ తర్వాత రేజరు. వారానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు. మొటిమలు రేగి ఉన్నప్పుడు దీని జోలికే పోవద్దు. కలిపింది మిగిలితే పారేయండి, పొడిపిండి మాత్రం తడి తగలని డబ్బాలో ఉంచుకోండి.

బియ్యప్పిండీ పనికొస్తుంది, గుడ్డలో జల్లిస్తేనే. మన మొలగొలుకుల బియ్యం పిండి పంపుతానంటే మీ నాయనమ్మ "దోసెలకు లేక ఏడుస్తుంటే మొహానికా" అంది. హాస్టల్లో కాఫీ పిప్పి దొరుకుతుందని వాడేరు, సింకు పూడుకుపోయి వార్డెన్‌తో గొడవ. ఉప్పు వద్దు, గాటు ఉంటే మంట. నిమ్మకాయ పిండుకుని ఎండలోకి పోతే చర్మం కమిలిపోవచ్చు. వంటసోడా అసలే వద్దు, మన చర్మం కొద్దిగా ఆమ్ల గుణం కలది, సోడా దానికి విరుద్ధం.

ట్యూబు కొనడం పాపమేం కాదు. పాత రకం స్క్రబ్‌లలో సన్నటి ప్లాస్టిక్ పూసలు వేసేవాళ్లు. కడిగిన నీళ్లతో పాటే అవి కాలవలోకి, ఏటిలోకి, సముద్రంలోకి పోయేవి. అమెరికా 2015లో చట్టం చేసి, కడిగేసే సబ్బుల్లో, స్క్రబ్‌లలో వాటిని నిషేధించింది. మైపాడు సముద్రపు చేపల పులుసు లొట్టలేసుకుని తినే మీకు నేను ఇంకా విడమరిచి చెప్పాలా? పెసరపిండి పోయినా ఏ చేపకూ నొప్పి లేదు. ఇంట్లో ఉన్నదాన్ని చూడకుండా కొట్టుకు పరిగెత్తడం మాత్రం నాకు నచ్చదు, అది రూపాయల సంగతి కాదు.

పంచదార గురించి పెద్దోడు అడుగుతాడు. చెప్పను. నల్లగుడ్డ మీద నాలుగు పలుకులు పంచదార, పక్కనే చిటికెడు పెసరపిండి వేసి భూతద్దంతో చూడండి. పంచదార పలుకుకు మూలలు ఎంత పదునుగా ఉన్నాయో గమనించండి. తర్వాత రెండిటి మీదా ఒక్కో నీటిచుక్క వేసి, కాసేపాగి మళ్లీ చూడండి. ఏది కరిగిందో, ఏది ఉబ్బిందో, ఏది మొహానికి పెట్టుకోవాలో మీకే తెలుస్తుంది.

ఇంకొకటి. రేజరు పట్టే ముందు అద్దం దగ్గరికి పోయి మెడ కింద వేలితో నిమిరి చూసుకోండి. చెంపల మీద వెంట్రుక కిందికి వాలుతుంది గానీ గొంతు దగ్గర ఒక్కోడికి ఒక్కో తీరు, పక్కకు, పైకి, కొందరికి సుడి కూడా. పడిపోయిన పైరును ఎటు వాలిందో చూసుకోకుండా ఏ రైతూ కొడవలి వెయ్యడు. మీ ఇద్దరి మెడలూ ఒకే తీరో కాదో చూసి నాకు జాబు రాయండి.

మీ తాతయ్య