నీళ్ళ కోసం వేయని బోర్లు

"గ్యాస్ మానేసి కరెంటుతో ఆఫీసులను వెచ్చబరిస్తే బిల్లు తడిసి మోపెడు కాదా?" అని అమెరికాలోని రెడ్మండ్ నుంచి ఒక పాఠకుడు అడిగారు. జవాబు ఆయన ఊళ్ళోనే ఉంది. మైక్రోసాఫ్ట్ అక్కడి కొత్త ఆఫీసు భవనాల కోసం పూర్తిగా కరెంటుతోనే నడిచే ఉష్ణశక్తి కేంద్రాన్ని నిర్మించింది.

మామూలు హీటరు ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడినే ఇస్తుంది. ఇటువంటి కేంద్రంలోని యంత్రాలు వేడిని ఒక చోట తోడి మరో చోట పోస్తాయి. మీ ఫ్రిజ్ పక్కగోడకు చెయ్యి ఆనించి చూడండి. లోపలి పాలగిన్నె నుంచి లాగిన వేడే, కంప్రెసర్ తిన్న కరెంటుతో కలిసి, మీ అరచేతికి తగులుతుంది. చలికాలంలో సైతం కంప్యూటర్ సర్వర్ల గదులు చల్లదనాన్ని, కిటికీల పక్క గదులు వెచ్చదనాన్ని కోరుతాయి కనుక, ఒకే యంత్రం అక్కడి నుంచి మూడు యూనిట్ల వేడి లాగి, తాను వాడిన ఒక యూనిట్‌ను కలిపి, ఇక్కడ నాలుగు యూనిట్లు ఇవ్వగలదు.

వేడికీ పనికీ మధ్య మార్పిడికి హద్దు చెప్పే, మన పాఠాల్లో ఆవిరి యంత్రంతోనే ముగిసిపోయే కార్నో సూత్రానికి అసలైన అందం ఇక్కడ కనిపిస్తుంది. వేడిని 7 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు ఎక్కించాలంటే, 50 డిగ్రీలకు 273 కలపగా వచ్చే 323 కెల్విన్‌లను తేడా అయిన 43తో భాగించాలి. అలా వచ్చే 7.5, ఒక యూనిట్ కరెంటుకు దక్కే వేడి యూనిట్లలో ఏ యంత్రమూ దాటలేని హద్దు. నిజంగా దక్కేది అందులో సగం. నీటిని 80 డిగ్రీలకు కాచాలంటే ఆ హద్దు 4.8కి పడిపోతుంది. అందుకే నీటి వేడిని తగ్గించి, ఆ లోటు పూడ్చడానికి గదుల్లో వేడినిచ్చే గొట్టపు చుట్టలను పెద్దవిగా అమరుస్తారు.

వేసవిలో మిగిలిన వేడిని నేలలో దాచి, చలికాలంలో తీసుకుంటారు. అందుకోసం రెడ్మండ్‌లో 550 అడుగుల లోతున 875కు పైగా బోర్లు వేశారు. ప్రతి బోరులోనూ దిగి తిరిగి పైకి వచ్చే గొట్టాన్ని లెక్కిస్తే సుమారు 290 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి విజయవాడ దాటేంత. మన పల్లెల్లో బోరుకు చోటు చూడటానికి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని పొలమంతా తిరుగుతారు. తెలియకుండా కదిలే చేతి కండరాలే ఆ కాయను లేపుతాయి. ఇటువంటి బోర్లకు ముందు, ఒక పరీక్ష బోరులో రెండు రోజులు వేడినీటిని తిప్పి, నేల ఆ వేడిని ఎంత త్వరగా పీల్చుకుంటుందో కొలుస్తారు.

ఇదే కేంద్రాన్ని హైదరాబాద్‌కు తెస్తే నేలలో వేడిని వేసేదే కాని తీసేది ఉండదు. ఏటికేడు బోర్ల చుట్టూ నేల వేడెక్కి, చల్లబరిచే పని కష్టమవుతుంది.