కొరియా పెద్దవాళ్ల మనసుకు మార్కులు: కొన్ని అపోహలు, వాస్తవాలు

దక్షిణ కొరియాలో 65 దాటినవాళ్లను ‘మనసెలా ఉంది’ అని అడిగి, వాళ్ల జవాబులకు మార్కులు వేసి, ఆ మార్కుల్ని ఎంతవరకు నమ్మొచ్చో చూడడం నా పని. 2024 డిసెంబరు నాటికి అక్కడ ప్రతి ఐదుగురిలో ఒకరు ఆ వయసువారే. అందుకే ఈ మార్కులంటే అందరికీ ఆసక్తి. అపోహలూ అన్నే.

అపోహ: ‘సంతోషంగా లేను’ అన్నారంటే బాధలో ఉన్నట్టే.

వాస్తవం: కొరియాలోనూ బాగా వాడే సీఈఎస్-డి అనే 20 ప్రశ్నల కొలమానం 1977లో అమెరికాలో వచ్చింది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 మార్కులు. మొత్తం 16 వస్తే డిప్రెషన్ ఉందేమో చూడాలంటారు. ఇందులో నాలుగు ప్రశ్నలు మంచి మాటలవి. గడిచిన వారంలో సంతోషంగా ఉన్నారా, బతుకు ఆనందంగా గడిచిందా, రేపటి మీద ఆశ ఉందా, ‘ఇతరులకు నేనేం తీసిపోను’ అనిపించిందా? వీటికి మార్కులు తిరగేసి వేస్తారు. నాలుగింటికీ ‘లేదు’ అంటే 12 పడిపోతాయి. నిద్ర పట్టలేదు, అన్నం సయించలేదు అన్నందుకు చెరో 2 కలిపితే లెక్క 16. ఏడుపు, దిగులు, ఒంటరితనం ప్రశ్నలన్నింటికీ సున్నాలే ఉన్నా సరే!

ఒక హల్మొని (అమ్మమ్మ వయసావిడ) వెల్లుల్లి ఒలుస్తూ నాకు జవాబులు చెప్పింది. ‘తీసిపోను’ ప్రశ్న దగ్గర చేయి ఆపి నవ్వింది. “ఆ మాట ఎవరైనా తమ గురించి తామే చెప్పుకుంటారా?” అంది. 3 వేశాను. సంతోషం సంగతి అడిగితే “గున్యాంగ్ కురే” అంది. ‘ఏదో అలా నడుస్తోంది’ అని అర్థం. మన దగ్గర ‘ఏదో మీ దయవల్ల’ అంటారే, అలాంటిది. మళ్లీ 3. ఆ వారమే ఆవిడ ఇరుగుపొరుగుతో కలిసి కిమ్‌జాంగ్, అంటే చలికాలానికి సరిపడా కిమ్చీ పెట్టి, సియోల్‌లోని పిల్లలకు డబ్బాలు పంపింది. అది చెబుతున్నంతసేపూ మొహం వెలిగిపోయింది. వెలుగుకు నా కాగితంలో గడి లేదు.

ఈ తేడా కొత్తగా బయటపడిందేమీ కాదు. టొరంటోలో స్థిరపడిన కొరియన్ల మీద 1990ల్లో పరిశోధకులు ఈ నాలుగింటినీ బాధ వైపుకు తిప్పి అడిగి చూశారు. అప్పుడు జవాబులు మిగతా ప్రశ్నలతో బాగా పొసిగాయి. నన్నడిగితే, ఆ నాలుగింటినీ విడిగా కూడి చూపని నివేదికను నమ్మను.

అపోహ: ముసలివాళ్ల కోసమే చేసిన కొలమానమైతే ఎక్కడైనా పనిచేస్తుంది.

వాస్తవం: 1980ల్లో అమెరికాలో వృద్ధుల కోసమని జీడీఎస్ అనే డిప్రెషన్ కొలమానం తయారుచేశారు. అవును, కాదు అంటే చాలు. ఒంటి నొప్పులు, నిద్ర, ఆకలి కావాలనే వదిలేశారు, ఆ వయసులో అవి దేనివల్లైనా రావచ్చు కదా. తర్కం మంచిదే. కానీ కొరియాలో మనసు బాధ చాలామందికి ఒంట్లోంచే మాట్లాడుతుంది. ‘హ్వబ్యోంగ్’ అంటే నిప్పు జబ్బు. ఏళ్ల తరబడి మింగిన కోపం ఛాతీలో మంటగా, గొంతులో ముద్దలా పైకి తన్నుతుంది. అమెరికా మానసిక వైద్యులు జబ్బుల నిర్ధారణకు వాడే డీఎస్ఎం పుస్తకం 1994 నాటి నాలుగో కూర్పు అనుబంధంలోనూ దాని పేరుంది. కడుపుమంట అనే మాట ఉన్న మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. జీడీఎస్‌లో మాత్రం దానికి చోటు లేదు.

గీత కూడా కదులుతుంది. 15 ప్రశ్నల చిన్న జీడీఎస్‌లో 5 దాటితే జాగ్రత్తపడమని సాధారణంగా చెబుతారు. 2004లో కొరియా పరిశోధకులు తమవాళ్లకు 8 దగ్గర గీత గీయడం మేలన్నారు.

అపోహ: కాగితం చేతికిస్తే వాళ్లే నింపేస్తారు.

వాస్తవం: ఆ తరం ఆడవాళ్లలో బడి మొహం చూడనివారు ఎందరో. చిల్గోక్ జిల్లాలో లేటు వయసులో అక్షరాలు దిద్దుకున్న హల్మొనిల చేతిరాతను 2020లో కంప్యూటర్ ఫాంట్లుగా చేశారు. కాబట్టి చాలాచోట్ల మేమే చదివి వినిపిస్తాం. అప్పుడు గదిలో ఇంకెవరున్నారన్నది ముఖ్యం. క్యోంగ్నోదాంగ్‌లో, అంటే ఊరి వృద్ధుల కేంద్రంలో అడిగితే పక్కావిడ ముందే జవాబు చెప్పేస్తుంది.

అపోహ: స్కోరు తక్కువ వస్తే నిశ్చింత.

వాస్తవం: ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి) దేశాల్లో ఆత్మహత్యల రేటు అత్యధికంగా ఉన్నది కొరియాలోనే, వృద్ధుల్లో మరీ ఎక్కువ. ఒకింట్లో కోడలు యాపిల్ ముక్కలు కోసి తెచ్చి పక్కనే కూర్చుంది. అత్తగారి జవాబులన్నీ ‘ఫర్వాలేదు’లే. మొత్తం 2. కోడలు కప్పులు కడగడానికి లేవగానే ఆవిడ పిడికిలితో ఛాతీ మీద రెండుసార్లు కొట్టుకుని “తప్తపే” అంది. లోపల ఉక్కగా ఉందని. అప్పటికే ఫారం సంచిలో పెట్టేశాను. బయటికి తీసి, మార్జిన్‌లో ఆ మాట రాసి, కోడలు తిరిగొచ్చేదాకా ఇంకేం అడగకుండా వింటూ కూర్చున్నాను.