సైకిల్ మీంచి పడితే నెల జీతం ఎవరిస్తారు? కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చాక, నా దగ్గర పాలసీల గురించి అడిగే సైక్లిస్టులు పెరిగారు. ప్రమాద బీమా పాలసీలు ఇప్పించడం, ఆనక క్లెయిముల కోసం కుస్తీ పట్టడం నా వృత్తి. లక్షన్నర పెట్టి సైకిల్ కొన్నవాళ్లు ముందుగా అడిగేది సైకిల్ పోతే ఏంటని. చెయ్యి విరిగి నెలన్నర ఇంట్లో కూర్చుంటే ఈఎంఐ ఎవరు కడతారని అడిగేవాళ్లు తక్కువ.

అపోహ: హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది కదా, అదే చూసుకుంటుంది.

అది చూసేది ఆసుపత్రి బిల్లు వరకే. సైకిల్ మీంచి పడ్డప్పుడు తరచుగా విరిగేది కాలర్‌బోన్, అంటే మెడ కింద భుజం దాకా ఉండే ఎముక. చాలా కేసుల్లో ఆపరేషన్ కూడా ఉండదు, స్లింగ్ వేసి అదే రోజు ఇంటికి పంపేస్తారు. అడ్మిషన్ లేదు కాబట్టి హెల్త్ పాలసీ నుంచి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. ఎముక అతుక్కోవడానికి మాత్రం ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ వారాలకు డబ్బు రావాలంటే వ్యక్తిగత ప్రమాద బీమాలో 'తాత్కాలిక పూర్తి వైకల్యం' అనే కవర్ ఉండాలి. కంపెనీలవాళ్లు దాన్ని టీటీడీ అంటారు. తిరుమలకీ దీనికీ సంబంధం లేదు, కానీ మొక్కుకోకుండా క్లెయిమ్ పెట్టినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

అపోహ: బ్యాంకులో ఏటా 20 రూపాయలు కట్ అవుతున్నాయి, ఆ బీమా ఉంది.

ప్రధానమంత్రి సురక్ష బీమా మంచి పథకమే, 20 రూపాయలకు అంతకన్నా ఏం కావాలి? మరణానికి, రెండు కళ్లో రెండు చేతులో పోయినంత శాశ్వత వైకల్యానికి 2 లక్షలు ఇస్తుంది. ఒక కన్నో, ఒక చెయ్యో, ఒక కాలో పోతే లక్ష. విరిగి అతుక్కునే ఎముకకు పైసా రాదు.

అపోహ: ప్రమాద బీమా తీసుకుంటే ఇంట్లో ఉన్నన్నాళ్లూ జీతం మొత్తం వస్తుంది.

రాదు. బ్రిటన్ లాంటి చోట్ల జీతంలో సగానికి పైగా నెలనెలా ఇచ్చే ఆదాయ రక్షణ పాలసీలు విడిగా దొరుకుతాయి. అక్కడున్న మనవాళ్లు ఇక్కడి చుట్టాలకు ఫోన్లో చెప్పేది వాటి గురించే. మన దగ్గర వచ్చేది బీమా మొత్తంలో ఇంత శాతం అని, వారానికి. అన్ని కంపెనీలూ అమ్మే సరళ్ సురక్షా బీమానే ఉదాహరణగా తీసుకోండి. అందులో ఈ కవర్ అదనంగా ఎంచుకుని ప్రీమియం కడితేనే ఉంటుంది, వారానికి ఇచ్చేది 0.2 శాతం. 20 లక్షల పాలసీ మీద అది 4,000 రూపాయలు. ఆరు వారాలకు 24,000. నెలకు 80,000 తెచ్చుకునే మనిషికి అది ఏ మూలకు? వారానికి 1 శాతం ఇచ్చే పాలసీలూ ఉన్నాయి, కాకపోతే చాలావాటిలో వారానికి ఇంతకు మించదని ఒక పరిమితి ఉంటుంది. బ్రోషర్లో శాతం పెద్దగా, పరిమితి చిన్నగా కనిపిస్తాయి. మీరు చదవాల్సింది ఆ చిన్నదాన్ని.

అపోహ: డాక్టర్ రెస్ట్ అని రాస్తే చాలు.

ఎక్కువ క్లెయిములు ఇక్కడే బెడిసికొడతాయి. కొన్ని పాలసీల్లో 'తాను మామూలుగా చేసే ఉద్యోగం చేయలేకపోతే' అని ఉంటుంది. కొన్నిటిలో 'ఏ రకమైన పనీ చేయలేకపోతే' అని ఉంటుంది. డెలివరీ పని చేసే కుర్రాడి చెయ్యి విరిగితే మొదటి రకంలో డబ్బు వస్తుంది. రెండో రకంలో, కూర్చుని చేసే పనేదైనా చేయగలవు కదా అని కంపెనీ వాదించడానికి చోటుంటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇంకో చిక్కు. స్లింగ్ వేసుకుని, ఎడం చేత్తో టైప్ చేస్తూ రోజుకు రెండు మీటింగులకు లాగిన్ అయ్యారనుకోండి. పని చేస్తున్నట్టే లెక్క. మేనేజర్ దగ్గర మంచిపేరు వస్తుందేమో గానీ ఆ వారం క్లెయిమ్ పోయినట్టే. సెలవు పెడితే పూర్తిగా పెట్టండి, ఆఫీసు ఇచ్చే లీవ్ సర్టిఫికెట్‌లో తేదీలు ఉండేలా చూసుకోండి.

డాక్టర్ చీటీ మీద '6 వారాల తర్వాత రండి' అని మాత్రమే ఉంటే అది రెస్ట్ కింద చెల్లదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనికి వెళ్లకూడదని రాయించుకోవాలి. క్యాజువాలిటీలో రాసే మొదటి కాగితం కూడా ఓసారి చూడండి. హడావుడిలో బైక్ మీంచి పడ్డాడని రాసేస్తే, తర్వాత కంపెనీ డ్రైవింగ్ లైసెన్స్ అడుగుతుంది. అప్పుడు అది తొక్కే సైకిలని నిరూపించుకోవాల్సిన టెన్షన్ మీది.

అపోహ: హెల్మెట్ లేకపోతే, తప్పు నాదే అయితే క్లెయిమ్ రాదు.

గుంటలో పడ్డా, కుక్క అడ్డొచ్చి పడ్డా ప్రమాదం ప్రమాదమే. మోటారు వాహన చట్టంలోని హెల్మెట్ నిబంధన తొక్కే సైకిల్‌కు వర్తించదు (అయినా పెట్టుకోండి, తల మీ సొంతం కదా). మామూలుగా అడ్డం పడేవి మద్యం, రేసులు. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తి చేసే బ్రెవేలకు (దూరపు సైకిల్ సవారీలకు) వెళ్లేవాళ్లు అది రేసు కాదంటారు, నిజమే. కంపెనీ కూడా అలాగే అనుకుంటుందా అన్నది ముందే ఈమెయిల్లో అడిగి జవాబు దాచుకోండి.

అపోహ: కారువాడు గుద్దితే వాడి ఇన్సూరెన్స్ నుంచి వస్తుంది, నాకెందుకు?

వస్తుంది, చికిత్స కాలంలో పోయిన ఆదాయంతో సహా అడగొచ్చు. కానీ ఎఫ్‌ఐఆర్ కావాలి, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయాలి, ఆపైన వాయిదాలు. గుద్ది పారిపోతే, తీవ్ర గాయానికి ప్రభుత్వ పథకం ఇచ్చేది 50,000.

అపోహ: ఇదంతా ఖరీదైన సైకిళ్ల వాళ్ల గొడవ.

జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో ఫ్యాక్టరీకి పాత సైకిల్ మీద వెళ్లే కార్మికుడికి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉంటే, అతని రక్షణ ఈ పాలసీలన్నిటికన్నా మెరుగు. ఇంటి నుంచి డ్యూటీకి వెళ్లేటప్పుడో తిరిగి వచ్చేటప్పుడో పడినా, ఆ సమయానికీ దారికీ ఉద్యోగంతో సంబంధం ఉంటే అది పనిలో తగిలిన గాయమే. పనికి వెళ్లలేని రోజులకు వేతనంలో దాదాపు 90 శాతం వస్తుంది. అయితే ప్రమాదం సంగతి అదే రోజు సూపర్‌వైజర్ చెవిన వేయాలి. యజమాని యాక్సిడెంట్ రిపోర్ట్ పంపితేనే ఫైలు కదులుతుంది, దారిలో కూరగాయలకు మళ్లామని చెబితే అదే ఫైలు ఆగుతుంది.