కిటికీని బట్టి మొక్క: వరంగల్ ఎండలో, తేమలో ఇంటి పచ్చదనం

వరంగల్ నగరం భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఇంట్లో ఏ మొక్కను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు సగం జవాబు ఈ అంకెలోనే దొరుకుతుంది. ఏటా మే రెండో వారంలో ఒకసారి, జులై ఆఖరున మరోసారి మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రెంటి నడుమ మధ్యాహ్నం వేళ ఆకాశంలో కాస్త ఉత్తరానికే ఒరిగి ఉంటాడు కాబట్టి, నడివేసవిలో దక్షిణపు కిటికీలోకి నేరుగా ఎండ రాదు. డిసెంబరులో మాత్రం మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. సజ్జ అడ్డం లేకపోతే అదే కిటికీ గుండా ఎండ ఐదారు అడుగుల లోపలి దాకా పడుతుంది. తూర్పు కిటికీకి ఏడాది పొడవునా ఉదయపు లేత ఎండ అందుతుంది. అసలు చిక్కంతా పడమటి కిటికీ దగ్గరే. మే నెల మధ్యాహ్నాల్లో 40 డిగ్రీలు దాటిన గాలి, ఏటవాలుగా దూసుకువచ్చే ఎండ కలిసి అక్కడి కుండీలోని మన్నును వేర్లు కమిలేంతగా వేడెక్కిస్తాయి. నల్లని ప్లాస్టిక్ కుండీ అయితే ఆ వేడి మరింత ఎక్కువ.

వెలుతురును కొలవడంలో మన కంటిని నమ్మలేము. ఆరుబయట నడి ఎండ లక్ష లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాకా ఉంటే, మనకు వెలుతురు పుష్కలంగా ఉన్నట్టు తోచే గది నడిమధ్యలో అది కొన్ని వందల లక్స్ మాత్రమే. కంటిపాప విప్పారి, రెటీనా సర్దుకొని ఆ తేడాను మనకు తెలియనివ్వవు. ఆకులో తయారయ్యే చక్కెర మాత్రం అందిన వెలుతురును బట్టే ఉంటుంది.

నర్సరీలో షేడ్‌నెట్ కింద పెరిగిన క్రోటన్ ఆకును వేళ్ల మధ్య పట్టుకొని చూస్తే పల్చగా, వెడల్పుగా, మెత్తగా తగులుతుంది. ఎండలో పెరిగిన క్రోటన్ ఆకు చిన్నదిగా, దళసరిగా ఉంటుంది, దాని ఎరుపు, పసుపు రంగులు కూడా ముదురుగా ఉంటాయి. ఆకు పుట్టేటప్పుడు అందిన వెలుతురుకు తగ్గట్టు లోపలి కణాల పొరలు ఏర్పడతాయి. పూర్తిగా విచ్చుకున్న ఆకు ఆ నిర్మాణాన్ని ఇక మార్చుకోలేదు. అందుకే కొత్త మొక్కను తెచ్చిన రోజే ఎండలో పెట్టకూడదు. రెండు మూడు వారాలపాటు కొద్దికొద్దిగా ఎండ వైపు జరుపుతూ పోతే, కొత్త చిగుళ్లు ఆ ఎండకు తగిన ఆకులతోనే వస్తాయి.

ఇక తేమ సంగతి. ఉత్తర తెలంగాణలో గాలి తేమ ఏడాదంతా ఒకే తీరుగా ఉండదు. 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న మే నెల గాలికీ, 30 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న ఆగస్టు గాలికీ ఆకు నుంచి నీటిని లాగే శక్తిలో దాదాపు పది రెట్ల తేడా ఉంటుంది. మేలో అలవాటైన చేత్తోనే ఆగస్టులోనూ నీళ్లు పోస్తే కుండీ ఆరదు. నీటిలో ఆక్సిజన్ వ్యాపించే వేగం గాలిలో కంటే దాదాపు పది వేల రెట్లు తక్కువ కనుక, ఆరని మన్నులో వేర్లకు ఊపిరాడదు, కుళ్లు పడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున మనీప్లాంట్ ఆకు కొసను చూడండి, అక్కడ ఒక నీటి బొట్టు వేలాడుతూ ఉంటుంది. రాత్రి గాలి నీటిని పీల్చుకోలేని స్థితిలో ఉన్నప్పుడు, వేర్ల ఒత్తిడితో పైకెక్కిన నీరు ఆకు అంచులోని సూక్ష్మరంధ్రాల గుండా అలా వెలికి వస్తుంది. ఆ బొట్టు కనిపించిన నాడు కుండీకి నీళ్లు అక్కర్లేదు.

వేసవిలో మన ఇళ్లలో తేమకు మరో ఆధారం కూలర్. బయట గాలి ఎండిపోయి ఉన్నా, తడి గడ్డి తెరల గుండా వచ్చే గాలితో గది చల్లబడటమే కాక తేమగానూ మారుతుంది. పొడిగాలికి ఓర్వలేని ఫెర్న్, మరాంటా వంటివి ఆ గదిలో, గాలి నేరుగా తగలని మూలన, కిటికీ వెలుతురు అందేచోట ఉంచితే మే నెలను గట్టెక్కుతాయి.

పడమటి కిటికీకి నేనైతే కలబందనో, అడీనియంనో, స్నేక్ ప్లాంట్‌నో ఎంచుకుంటాను. కలబంద, స్నేక్ ప్లాంట్ పగటి వేడిలో ఆకు రంధ్రాలను మూసుకొని, రాత్రి చల్లబడ్డాక తెరచి కార్బన్ డయాక్సైడ్‌ను నిల్వ చేసుకుంటాయి, కాబట్టి నీటి నష్టం చాలా తక్కువ. ఇవి రాత్రంతా ఆక్సిజన్ ఇస్తాయన్న ప్రచారం మాత్రం సరికాదు, ఆక్సిజన్ వెలువడేది వెలుతురులోనే. తూర్పు కిటికీకి అరెకా పామ్, మాన్‌స్టెరా, మనీప్లాంట్ బాగా కుదురుతాయి. మనీప్లాంట్ పసిఫిక్ మహాసముద్రంలోని మోరియా దీవికి చెందిన తీగ. కిందికి వేలాడదీస్తే ఆకులు చిన్నవిగానే ఉండిపోతాయి, కొబ్బరి పీచు చుట్టిన కర్రకు పాకిస్తే అవే ఆకులు క్రమంగా వెడల్పవుతాయి. గది మూలలో నిలువెత్తు పచ్చదనం కావాలనుకునేవారికి ఇంతకంటే చవకైన మార్గం నాకు కనిపించలేదు. అయితే మనీప్లాంట్, మాన్‌స్టెరా, డిఫెన్‌బాకియా అన్నీ మన చామగడ్డ, కంద కుటుంబానివే. పచ్చి చామ గొంతులో దురద పుట్టించడానికి కారణమైన సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు వీటిలోనూ ఉంటాయి కనుక, పాకే పిల్లలున్న ఇంట్లో వీటిని చేతికందని ఎత్తులో పెట్టాలి.

కుండీ నింపేటప్పుడు నల్లరేగడి మన్ను వద్దు. అది తడిస్తే ఉబ్బి గాలి సందులు మూసేస్తుంది, ఎండితే బీటలు వారి సన్నని వేర్లను తెంపుతుంది. ఎర్రని చెల్క మన్నులో కొబ్బరి పొట్టు, ముతక ఇసుక, వర్మీ కంపోస్టు కలిపితే చాలు.

అలంకరణకు పెంబర్తి ఇత్తడి పాత్రలను మించినవి మన జిల్లాల్లో లేవు. తెల్లని గోడ ముందు, వెడల్పాటి ముదురాకుపచ్చ ఆకుల కింద ఇత్తడి మెరుపు ఎంతో అందంగా ఉంటుంది. కానీ ఇత్తడిలోని రాగి కరిగితే వేర్లకు హాని, పైగా ఆ పాత్రల అడుగున రంధ్రం ఉండదు. అందుచేత మొక్కను చిన్న ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి, దాన్ని ఇత్తడి పాత్రలో కూర్చోబెట్టాలి. వానాకాలంలో వారానికి ఒకసారైనా లోపలి కుండీని పైకెత్తి, అడుగున చేరిన నీటిని పారబోసి, పాత్ర లోపలి అంచులను గట్టిగా రుద్ది తుడవాలి. డెంగీ దోమ గుడ్లు అతుక్కొని ఉండేది ఆ తడి అంచులకే, అవి పొదిగి దోమలుగా మారడానికి వారం, పది రోజులు చాలు.