సీసా దాటిన మొక్కకు అయస్కాంతం తోడు

కణజాల వర్ధనంలో, అంటే చిన్న మొక్క ముక్కను సీసాలోని పోషక మాధ్యమంలో పెంచే పద్ధతిలో, పెరిగిన ఆపిల్ లేదా చెర్రీ మొక్కను సీసాలోంచి తీసి నేరుగా గది గాలిలో పెడితే కాసేపట్లోనే తల వాల్చేస్తుంది. సీసాలో గాలి తేమ దాదాపు నూరు శాతం ఉంటుంది కాబట్టి ఆకు మీద మైనపు పొర పలచగానే ఏర్పడుతుంది, పత్రరంధ్రాలకు మూసుకోవడం సరిగా అలవడదు. పోషక మాధ్యమంలో లీటరుకు సుమారు 30 గ్రాముల చక్కెర సిద్ధంగా ఉండడంతో కిరణజన్య సంయోగక్రియ కూడా మందకొడిగానే సాగుతుంది. బయటికి రాగానే ఈ లోట్లన్నీ ఒకేసారి మీద పడతాయి. అందుకే వేళ్లకు అంటిన అగర్‌ను (మాధ్యమాన్ని గట్టిపరిచే జెల్లీని) కడిగేసి, మొక్కను పీట్ (కుళ్లిన నాచు మట్టి), పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు) మిశ్రమంలో నాటి, పాలిథిన్ కప్పు కింద ఉంచి, కొన్ని వారాలపాటు తేమను కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. దీన్నే హార్డెనింగ్ అంటారు. ఎక్కువ మొక్కలు చనిపోయేది ఇక్కడే.

ఈ దశలో అయస్కాంత క్షేత్రం సాయపడుతుందా అన్నది ఆసక్తికరమైన ప్రశ్న. మొక్కలపై అయస్కాంత ప్రభావాన్ని వెతకడం కొత్తేమీ కాదు: ఆడస్ అనే శాస్త్రవేత్త 1960లోనే క్రెస్ అనే ఆకుకూర మొక్క వేళ్లు క్షేత్రానికి స్పందించి వంగుతాయని ప్రకటించాడు. భూమి క్షేత్రం చోటును బట్టి 25 నుంచి 65 మైక్రోటెస్లాల వరకు ఉంటే, ప్రయోగాల్లో తరచు మిల్లీటెస్లాల స్థాయిని, అంటే పదుల నుంచి వేల రెట్లు బలమైనదాన్ని వాడతారు.

ఇది ఎలా పనిచేస్తుందన్న దానికి రెండు వివరణలు ముందున్నాయి. నీలికాంతిని గ్రహించే క్రిప్టోక్రోమ్ ప్రొటీన్లలో జంటగా పుట్టే రాడికల్స్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువులు) ఎలక్ట్రాన్ స్పిన్‌ను, అంటే ఎలక్ట్రాన్‌ను చిన్న అయస్కాంతంలా ప్రవర్తింపజేసే గుణాన్ని, క్షేత్రం కదపగలదన్నది ఒకటి. భౌతికశాస్త్రపరంగా నాకు ఎక్కువ పట్టు కనిపించేది దీనిలోనే. రెండోది, చురుకైన ఆక్సిజన్ అణువులు స్వల్పంగా పెరిగి, కెటలేజ్, పెరాక్సిడేజ్ వంటి రక్షణ ఎంజైములను ముందే మేల్కొల్పుతాయని, ఆ తర్వాత పొడిగాలి తాకినా మొక్క తట్టుకుంటుందని చెబుతుంది. మోతాదు దాటితే అవే ఆక్సిజన్ అణువులు కణపొరలను దెబ్బతీస్తాయి.

అయితే ఫలితాలను నమ్మే ముందు ఒక్క వస్తువును దగ్గరగా చూడాలి: క్షేత్రాన్ని పుట్టించే రాగి తీగ చుట్ట. కరెంటు పారితే అది క్షేత్రంతోపాటు వేడినీ ఇస్తుంది. ఒకటి రెండు డిగ్రీల వెచ్చదనమే వేరును హుషారు చేయగలదు కాబట్టి, పక్కన ఊరికే పెట్టిన కుండీ సరైన పోలిక కాదు. అచ్చం అలాంటి చుట్టనే రెండు తీగలతో చుట్టి, కరెంటును ఎదురెదురుగా పారిస్తే క్షేత్రం రద్దవుతుంది, వేడి మాత్రం మిగులుతుంది. ఈ రెండో చుట్టలోని మొక్కల కంటే మొదటి చుట్టలోని మొక్కలు ఎక్కువగా బతికితేనే ఆ తేడాను అయస్కాంతం ఖాతాలో వేయవచ్చు.